నీళ్లు వెతికే ఇంటిపేరు

నేను ఒక ఇంటిపేరును. టర్కీ దేశపు ఇంటిపేరును. నన్ను సువారయన్ అంటారు. "అంటారు" అనడం కూడా కొంచెం గొప్పకు పోవడమే. ఈ భూమ్మీద నన్ను పెట్టుకున్నవాళ్లు ఒక దశలో ఒకే ఒక్క మనిషి మిగిలారు. ఆమెను కూడా వీధి వీధంతా "టీచర్‌గారూ" అని పిలిచేదే తప్ప నన్ను నోరారా పలికినవాళ్లు లేరు.

ముందే ఒప్పుకుంటాను, నాది ఓర్వలేని బుద్ధి. మీ తెలుగు ఇంటిపేర్లను చూసినా నాకు కన్ను కుడుతుంది. మీ దగ్గర ఇంటిపేరు మనిషి పేరుకు ముందు కూర్చుంటుందని విన్నాను. శుభలేఖలో ముందు, గుమ్మం పలక మీద ముందు, బడి హాజరుపట్టీలో ముందు. మమ్మల్ని మాత్రం పేరంతా అయిపోయాక చివర తగిలిస్తారు. పైగా మీ ఇంటిపేర్లు ఎప్పటివో చెప్పమంటే మీ తాతలు కూడా తడుముకుంటారు. నా పుట్టుక అలా కాదు. తేదీ, ముద్ర, గుమాస్తా సంతకం, అన్నీ కాగితం మీద ఉన్నాయి. అంత చిన్నదాన్ని.

మా దేశంలో 1934 దాకా చాలామందికి ఇంటిపేరు అనేదే లేదు. కుంటి అలీ, బట్టతల అలీ, మిల్లుపక్క అలీ అని పిలుచుకుంటూ బతికేశారు. ఉత్తరం వస్తే పోస్టుమాన్ అలీలందరి గుమ్మాలూ తొక్కేవాడు. పటాలంలో ఒక అలీని పిలిస్తే నలుగురు లేచి నిలబడేవారు. ఇక లాభం లేదనుకుని ప్రభుత్వం చట్టం చేసింది. ప్రతి కుటుంబమూ ఒక ఇంటిపేరు పెట్టుకోవాలి, గడువులోగా రాయించుకోవాలి. మా తాలూకా కార్యాలయంలో ఇంకో నియమం కూడా ఉండేది. ఒక కుటుంబం రాయించుకున్న పేరును మరో కుటుంబానికి ఇవ్వరు. ఎవరు ముందు వస్తే పేరు వాళ్లది.

మాది కోన్యా మైదానం. ఎటు చూసినా ఎండిన నేల, ఉప్పు తేలిన మట్టి. అక్కడ కిజిల్‌కుయు అనే ఊళ్లో దుర్ముష్, బెకీర్ అని ఇద్దరు అన్నదమ్ములు ఉండేవారు. అన్న దుర్ముష్ నీటి జాడ చెప్పేవాడు. తమ్ముడు బెకీర్ బావి తవ్వేవాడు. దుర్ముష్ తెల్లవారుతూనే చెప్పులు విడిచి, రెండు చీలికలున్న దానిమ్మ కర్ర చేత్తో పట్టుకుని నేలంతా తిరిగేవాడు. కర్ర కిందికి వంగిన చోట ఒక రాయి పెట్టి పక్కకు తప్పుకునేవాడు. ఆ తరువాత పని బెకీర్‌ది. నడుముకు తాడు కట్టుకుని దిగేవాడు, రోజుకు ఒక మూర లోతు. అన్న చేతికి మట్టి అంటేది కాదు, తమ్ముడి ఒంటికి మట్టి వదిలేది కాదు. కర్ర వంగిన చోటల్లా నీళ్లు పడ్డాయని నేను చెప్పను. పడని బావుల గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు.

ఆ వృత్తిలో ఒక ఆచారం ఉండేది. బావిలో నీళ్లు పడ్డాక పైకి వచ్చే మొదటి చెంబు నీళ్లు జాడ చెప్పినవాడే తాగాలి. అతను తాగి "తియ్యగా ఉన్నాయి" అనాలి. అప్పటిదాకా ఊళ్లో ఒక్కరూ పెదవి తడుపుకోకూడదు. 1936 వసంతంలో పక్క ఊళ్లో ఒక బావిలో నీళ్లు పడ్డాయి. ఊరంతా చుట్టూ నిలబడి ఉంది. దుర్ముష్ మీసం సవరించుకుని చెంబు కోసం చెయ్యి చాపాడు. ఇంతలో బావి అడుగు నుంచి బెకీర్ కేక వినిపించింది.

"అన్నా, తియ్యగా ఉన్నాయే!"

నలభై రోజులు మట్టి మింగినవాడు, కాళ్ల కింద నీళ్లు ఊరేసరికి దోసిలి పట్టి తాగేశాడు. అందులో తప్పేముంది? ఊరంతా పగలబడి నవ్వింది. ఒక ముసలాయన "మొదట తాగినవాడు కిందే ఉన్నాడు కదరా, ఇక నీకెందుకు చెంబు?" అన్నాడు. దుర్ముష్ నవ్వలేదు. ఆ చెంబు నీళ్లు నేల మీద పారబోసి ఇంటికి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి తమ్ముడితో మాట ఆగిపోయింది.

నేను పుట్టింది సరిగ్గా ఆ తరువాత నెలలో. గడువు ముంచుకొస్తోందని దుర్ముష్ తాలూకా కార్యాలయానికి వెళ్లాడు. అక్కడి గుమాస్తా రిఫ్కీ బే, అంటే మీ లెక్కన రిఫ్కీగారు, ఆయన దగ్గర అచ్చువేసిన పేర్ల పుస్తకం ఒకటి ఉంది. ఏ పేరూ తోచనివాళ్లకు అందులోంచి ఒకటి తీసి ఇచ్చేవాడు.

"పేరు?"

"దుర్ముష్."

"అది ఈ వరండాలో ముగ్గురికి ఉంది. ఇంటిపేరు చెప్పు."

"మా ఇంటికి పేరెందుకయ్యా? ఊరి చివర ఉంటుంది, ఎవరినడిగినా చూపిస్తారు."

"సరేలే. పనేం చేస్తావు?"

"నీళ్లు వెతుకుతా."

రిఫ్కీ బే కలం ఆపి ఒక క్షణం ఆలోచించాడు. సు అంటే నీళ్లు, అరయన్ అంటే వెతికేవాడు. రెండూ కలిపి రాశాడు. అది పుస్తకంలో లేని పేరు. ఆ జిల్లాలో ఎవరికీ లేని పేరు. తాను రాసినది తానే రెండుసార్లు పైకి చదువుకుని "బాగుందే" అన్నాడు. అలా ఆ మధ్యాహ్నం నేను పుట్టాను. సిరా ఆరకముందే నాకు గర్వం వచ్చింది.

కాసేపటికి బెకీర్ వచ్చాడు. అన్న రాయించుకున్న పేరే తనకూ రాయమన్నాడు. ఆ పేరు వేరే కుటుంబం తీసుకుందని గుమాస్తా చెప్పి, పుస్తకం తెరిచి, వేలు పడిన చోట ఉన్న పేరు రాసి పంపించాడు. యిల్మాజ్. అంటే జంకనివాడు. ఆ రోజు సంగతి ఇంకొంచెం ఉంది. దాన్ని ఇప్పుడే చెప్పడానికి నాకు మనసొప్పడం లేదు.

ఆ యిల్మాజ్ ఉన్నాడే, వాడే నా కడుపుమంటకు మూలం. నాతోపాటు అదే బల్ల మీద, అదే సిరాతో, అరగంట తేడాతో రాయబడ్డాడు. కాకపోతే వాడు అప్పటికే దేశంలో వేలమందికి ఉన్నాడు. రోజు రోజుకీ పెరిగిపోతున్నాడు. ఇజ్మీర్‌లో యిల్మాజ్, ఎర్జురుమ్‌లో యిల్మాజ్, ఓడరేవులో యిల్మాజ్, బేకరీ మీద యిల్మాజ్. బెకీర్ చేతుల్లో పడ్డాక మా ఊళ్లో కూడా మొదలుపెట్టాడు. బెకీర్‌కు ఆరుగురు కొడుకులు పుట్టారు. ఆరుగురూ గట్టి పిండాలు, అందరికీ పిల్లలు. మా దుర్ముష్‌కు ఇద్దరు కూతుళ్లు, ఒక కొడుకు. కూతుళ్లిద్దరూ పెళ్లిళ్లు చేసుకుని నన్ను గుమ్మంలోనే వదిలేసి మొగుళ్ల ఇంటిపేర్లు పెట్టుకుని వెళ్లిపోయారు. ఒకామె వెళుతూ ఏడ్చింది. నా కోసం కాదులెండి, వాళ్ల అమ్మ కోసం.

మిగిలిన కొడుకు హమ్దీ. ఆయన పోస్టుమాన్ అయ్యాడు. ఊళ్లోని ఇంటిపేర్లన్నీ రోజూ ఆయన సంచిలో తిరిగేవి, అందులో సగం యిల్మాజ్‌లే. నా పేరున ఉత్తరం ఎప్పుడో ఒకటి వచ్చేది. హమ్దీ కోన్యా నగరానికి బదిలీ అయ్యాక ఇంటి తలుపుకు ఇత్తడి పలక చేయించి నన్ను చెక్కించాడు. నా జీవితంలో మొదటిసారి ఎండ తగిలింది అప్పుడే. దాన్ని ప్రతి శుక్రవారం బూడిదతో తోమేవాడు. ఆ ఒక్క విషయంలో యిల్మాజ్ మీద నాదే పైచేయి అనుకునేదాన్ని. యిల్మాజ్ పలకలను ఎవరూ తోమరు, అవసరం లేదు కనుక.

హమ్దీకి ఇద్దరు పిల్లలు, నెజాత్, ఫెరీదె. 1968లో ముసలి దుర్ముష్ నుంచి నెజాత్ భార్య వరకు లెక్కేస్తే నన్ను పెట్టుకున్నవాళ్లు ఏడుగురు. నవ్వకండి. ఏడుగురంటే నాకు మహా వైభవం. నెజాత్ జర్మనీలో ఉక్కు కర్మాగారంలో పనికి కుదిరాడు కనుక నేను విదేశాలకు కూడా వెళ్లాను. డ్యూయిస్‌బుర్గ్‌లో ఒక మేడ కింద పన్నెండు గంట మీటల పక్కన పన్నెండు పేర్లు ఉండేవి. అందులో నేనొకదాన్ని. వాళ్లు నన్ను "జువారాయన్" అని పలికేవారు. పోనీలే, పలికారు కదా అనుకున్నాను. తీరా చూస్తే ఆ పన్నెండింటిలో మూడు యిల్మాజ్‌లు! జర్మనీలోనూ నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అక్కడ నెజాత్‌కు ఒక కొడుకు పుట్టాడు, జెమ్. నా ఆశలన్నీ వాడి మీదే పెట్టుకున్నాను. వాడు పెరిగి ఒక జర్మన్ అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఆ దేశంలో భార్య ఇంటిపేరు భర్త పెట్టుకోవచ్చు. జెమ్ సంతోషంగా సంతకం చేసి బాయర్ అయిపోయాడు. ఫోనులో పేరు చెప్పినప్పుడల్లా అక్షరం అక్షరం విడమరిచి చెప్పే బాధ తప్పిందట. బాయర్ కూడా ఆ దేశంలో మన యిల్మాజ్ బాపతే. ఎక్కడికి వెళ్లినా నన్ను మింగేది ఈ జాతివాళ్లే.

ఇక మిగిలింది ఫెరీదె. కోన్యాలో భూగోళం పాఠాలు చెప్పే టీచరు. నన్ను నిజంగా ప్రేమించిన మనిషి ఆమె ఒక్కతే. బ్యాంకులోనో ఆసుపత్రిలోనో గుమాస్తా నన్ను చూసి తలెత్తి "ఇదేం పేరమ్మా, ఎప్పుడూ వినలేదే" అంటే ఆమె మెడ కాస్త నిటారుగా అయ్యేది. "దేశం మొత్తం మీద మాది ఒక్క ఇల్లే" అనేది. ఆ మాట ఎన్నిసార్లు విన్నా నాకు తనివి తీరేది కాదు. ఒకసారి ఇంటికి కొత్త టెలిఫోను డైరెక్టరీ వచ్చింది. ఫెరీదె ముందు నన్ను వెతికి వేలు పెట్టి చూసుకుంది, ఒక్క వరస. తరువాత ఎందుకో చివరి పేజీలు తిప్పింది. యిల్మాజ్‌లు పదకొండు పేజీలు. ఆమె డైరెక్టరీ మూసేసింది. నేను మాత్రం ఆ పదకొండు పేజీలను ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఫెరీదెకు ఇరవై ఎనిమిదో ఏట ఒక సంబంధం వచ్చింది. వ్యవసాయ శాఖలో పనిచేసే అతను, పేరు తుర్గుత్ కాయా. ఆదివారాలు వచ్చి హమ్దీతో కబుర్లు చెబుతూ, ఫెరీదె తెచ్చిన టీ రెండు గ్లాసులు ఎక్కువే తాగేవాడు. మంచివాడు. ఆమెకూ ఇష్టమే. నేను మాత్రం తలుపు మీది పలకలోంచి అతన్ని చూసి ఉడికిపోయేదాన్ని. ఆ రోజుల్లో పెళ్లి అంటే ఆడపిల్ల ఇంటిపేరు మారాల్సిందే. ఫెరీదె ఒక సాయంత్రం తల్లితో "అమ్మా, అన్నయ్య చూస్తే పరాయి దేశంలో ఉన్నాడు. నేనూ వెళ్లిపోతే ఈ పలక తీసేయాలి కదా" అంది. తల్లి నెత్తీ నోరూ కొట్టుకుంది. పలక కోసం ఎవరైనా పెళ్లి మానుకుంటారా అని అరిచింది. ఫెరీదె మానుకుంది. తుర్గుత్ కాయా మరో ఏడాదికి ఇంకెవరినో చేసుకున్నాడు. నేను గెలిచానని సంబరపడ్డాను. ఆ తరువాతి ఆదివారాలు ఆ ఇల్లు ఎంత చప్పుడు లేకుండా ఉండేదో మాత్రం నాకు తెలుసు.

ఏళ్లు గడిచాయి. హమ్దీ పోయాడు, ఆయన భార్య పోయింది, జర్మనీలో నెజాత్ దంపతులు పోయారు. 2019 నాటికి ఫెరీదెకు డెబ్బై నాలుగేళ్లు. సువారయన్ అనే పేరు ప్రపంచంలో ఒక తలుపు మీద, ఒక మనిషికి మాత్రమే ఉంది. ఆమెతోపాటు నేనూ మట్టిలోకి వెళతాను. సమాధి రాయి మీద కొన్నాళ్లు ఉండి, చలికీ వానకీ అరిగిపోతాను. దానికి నేను సిద్ధపడ్డాను కూడా. అలా సిద్ధపడ్డ రోజుల్లోనే ఒక రోజు గంట మోగింది.

తలుపు తీస్తే నలభై ఏళ్లు దాటిన మనిషి ఒకడు చేతిలో స్వీట్ల పెట్టెతో నిలబడి ఉన్నాడు. పక్కన తొమ్మిదేళ్ల కూతురు.

"టీచర్‌గారూ, నా పేరు ముస్తఫా. ముస్తఫా యిల్మాజ్. మా తాత పేరు బెకీర్, కిజిల్‌కుయు. ఈ పిల్ల దెఫ్నె, నా కూతురు."

ఆ పేరు వినగానే పలక మీద నేను బిగుసుకుపోయాను. ఫెరీదె కూడా బిగుసుకుపోయింది కానీ లోపలికి రమ్మంది. ఇంటికి వచ్చినవాళ్లను గుమ్మంలో నిలబెట్టడం ఆమెకు చేతకాదు.

ముస్తఫా ట్రాము నడిపే డ్రైవరు. వాళ్ల డిపోలో ముస్తఫా యిల్మాజ్‌లు ముగ్గురట. పొడుగు ముస్తఫా, మీసాల ముస్తఫా, ఇతను మూడో నంబరు ముస్తఫా. ఈ గోల లేకుండా చేద్దామనే కదా చట్టం తెచ్చింది! ఎనభై ఏళ్ల తరువాత కూడా కుంటి అలీ, బట్టతల అలీ దగ్గరే ఉన్నారు. అది విని నాకు పట్టలేనంత సంతోషం కలిగింది. యిల్మాజ్‌కు కూడా ఒక కష్టం ఉందన్నమాట.

"నిరుడు మా పేటలో ఒకాయన పోయాడండి," అన్నాడు ముస్తఫా. మా వైపు ఎవరైనా పోతే మసీదు మైకులో పేరు, ఇంటిపేరు చదివి జనాజా, అంటే అంతిమయాత్ర, ఎప్పుడో చెబుతారు. పోయిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కనుక ఇరుగుపొరుగు వండుకొస్తారు. "మైకులో ముస్తఫా యిల్మాజ్ అన్నారు. నేను డ్యూటీ దిగి ఇంటికొచ్చి పడుకున్నా. గంట మోగింది. తలుపు తీస్తే ఎదురింటామె గిన్నె నిండా హల్వా పట్టుకుని ఏడుస్తోంది. నన్ను చూసి గిన్నె వదిలేసింది. ఆమె వెనక మెట్ల మీద ఇంకో ఐదుగురు, పప్పు చారు, రొట్టెలు, పలావు."

ఫెరీదె నవ్వు ఆపుకోలేకపోయింది.

"నేనూ నవ్వానండి. కానీ ఇదిగో ఈ పిల్ల బడి నుంచి వస్తూ మైకు విని, దారిపొడవునా ఏడ్చుకుంటూ వచ్చింది. నన్ను చూశాక కూడా రెండు రోజులు నా చొక్కా వదల్లేదు. అప్పుడనుకున్నా, నా చావు కూడా నాది కాకుండా పోయిందే అని."

తరువాత అసలు సంగతి చెప్పాడు. ప్రభుత్వం వంశవృక్షాలను ఇంటర్నెట్‌లో పెట్టినప్పుడు ఇంట్లో మాటగా మాత్రమే విన్న అన్న దుర్ముష్ పేరు తమ తాత బెకీర్ పక్కనే కనిపించిందట. తల్లిదండ్రులు ఒకరే, ఇంటిపేర్లు మాత్రం వేరు. ఇంటిపేరు మార్చుకోవడానికి అతను కోర్టులో దరఖాస్తు పెట్టుకున్నాడు. తనకు, భార్యకు, ఇద్దరు పిల్లలకు సువారయన్ కావాలి. రెండు కుటుంబాలూ ఒకటేనని, తనకు అభ్యంతరం లేదని ఫెరీదె వచ్చి సాక్ష్యం చెప్పాలి.

ఇన్నాళ్లూ మనుషుల కోసం మొహంవాచిపోయిన నాకు ఒకేసారి నలుగురు దొరుకుతున్నారు. అందులో ఇద్దరు పిల్లలు కూడాను. మీరైతే ఎగిరి గంతేసేవారు. నాకేమనిపించిందో తెలుసా? తలుపు మూసేయాలనిపించింది. ఆ పదకొండు పేజీలు వాళ్లవి. ఆ బేకరీలు, ఆ ఓడరేవులు వాళ్లవి. అన్నీ ఉన్నవాళ్లు నా ఒక్క గుమ్మం కూడా పట్టుకుపోతామంటే ఎలా ఇవ్వను?

ఫెరీదె నోటి నుంచి అదే మాట వచ్చింది.

"ఈ పేరు కోసం నేనొక మనిషిని వదులుకున్నా, ముస్తఫా. నీకు హల్వా తెచ్చారని నన్ను ఇచ్చెయ్యమంటే ఎలా ఇస్తాను? వేరే పేరు పెట్టుకో. దేశంలో పేర్లకేం కరువు?"

ముస్తఫా ముఖం చిన్నబోయింది. కూతురి చెయ్యి పట్టుకుని లేచాడు. గోడకు వేలాడుతున్న పాత దానిమ్మ కర్ర దగ్గర ఒక్క నిమిషం ఆగాడు.

"ఇదేనా ఆ కర్ర? మా తాత చెప్పేవాడట. ఆయన కూడా పెద్ద పనివాడేనటండి, నూటపది బావులు తవ్వాడట. కానీ ఎవరైనా మెచ్చుకుంటే నవ్వేసి 'నాదేముంది, పిలిస్తే వచ్చే కూలివాణ్ణి' అనేవాడట. చనిపోయేదాకా అదే మాట. ఎందుకలా అనేవాడో మాకెవరికీ తెలీదు."

వాళ్లు వెళ్లిపోయారు. ఫెరీదె స్వీట్ల పెట్టె విప్పలేదు. కర్ర కింద కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చుంది. ఎందుకలా అనేవాడో ఆమెకు తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు.

పదిహేను రోజుల తరువాత వాయిదా. ఫెరీదె కోర్టుకు వస్తుందని ముస్తఫా అనుకోలేదు. ఆమె నల్ల కోటు వేసుకుని, జేబురుమాలు గుప్పిట్లో పట్టుకుని వచ్చి ముందు బెంచీలో కూర్చుంది. జడ్జి ఒక నడివయసు ఆవిడ. ఫైలు చూస్తూ అడిగింది.

"ఇద్దరూ తోడబుట్టినవాళ్లే అయితే ఒకే ఊళ్లో, ఒకే రోజు వేరువేరు ఇంటిపేర్లు ఎందుకు రాశారమ్మా? గుమాస్తా పొరపాటా?"

"కాదు జడ్జిగారూ," అంది ఫెరీదె. "గుమాస్తా పొరపాటేం లేదు. మా తాత అప్పుడు అక్కడే ఉన్నాడు. పేరు రాయించుకుని, గుమాస్తా ఇచ్చిన కాఫీ తాగుతూ అదే గదిలో కూర్చున్నాడు. తమ్ముడు వచ్చి అదే పేరు అడిగాడు. 'ఇతను నీకేమవుతాడు?' అని గుమాస్తా మా తాతను అడిగాడు. తమ్ముడని ఒక్క మాట అంటే ఇద్దరికీ ఒకే పేరు రాసేవాడు. మా తాత కప్పులోంచి తల ఎత్తకుండా 'ఏమీ కాడు, పిలిస్తే వచ్చే కూలివాడు' అన్నాడు. ఆయన పోయే ముందు మా నాన్నకు చెప్పుకుని ఏడ్చాడు. మా నాన్న నాకు చెప్పాడు. నేను ఎవరికీ చెప్పలేదు."

ముస్తఫా రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు.

నేను మొదట దాచిన సంగతి ఇదే. నేనూ ఆ గదిలోనే ఉన్నాను కదా, తడి సిరాగా. ఆ మాట అన్నప్పుడు బెకీర్ గుమ్మంలో నిలబడిపోయి అన్న వైపు చూశాడు. కాళ్లకు ఇంకా బావి మట్టి ఉంది. తరువాత గుమాస్తా వైపు తిరిగి "సరే, ఏదో ఒకటి రాయండి" అన్నాడు. అప్పుడు నాకు జాలి కలగలేదు. మొదటి చెంబు పోగొట్టుకున్నవాడికి నేను దక్కాను, మొత్తంగా, ఎవరితోనూ పంచుకోనక్కర్లేకుండా. అది నాకు నచ్చింది. ఎనభై మూడేళ్లు యిల్మాజ్ నా వాటా తిన్నాడని ఏడ్చాను. బెకీర్ వాటా తిన్నది నేను. ఆ ఆరుగురు కొడుకులూ, వాళ్ల పిల్లలూ నాకు రావాల్సినవాళ్లే. ఆ రోజు వాళ్లను పోనిచ్చి సంతోషపడ్డది నేనే.

"ఇవ్వడానికి నేనెవరిని?" అంది ఫెరీదె చివరికి. "సగం ఎప్పటినుంచో వాళ్లదే."

జడ్జి కళ్లజోడు తీసి తుడుచుకుని తీర్పు రాసింది. బయట వరండాలో ముస్తఫా ఫెరీదె చెయ్యి పట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు. మా వాళ్లు పెద్దలకు అలాగే నమస్కరిస్తారు. టీచర్‌గారూ అనలేదు. "అబ్లా" అన్నాడు. అబ్లా అంటే అక్క. ఫెరీదె జేబురుమాలు విప్పింది. ఆమె ఏడ్వడం చూసి ఎన్నేళ్లయిందో నాకు.

ఇప్పుడు నా లెక్క చెబుతాను. కోన్యాలో రెండు తలుపులు, మొత్తం ఐదుగురం. యిల్మాజ్ ఆ రోజు నలుగురిని పోగొట్టుకున్నాడు. వాడికి తెలియనే లేదు. లక్షల్లో నలుగురు పోతే ఏం తెలుస్తుంది? అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు లోపల మండుతుంది. ఇన్నాళ్లు వాడితో పోటీ పడ్డాననుకున్నాను, వాడు నన్ను ఒక్కసారి కూడా చూడలేదు.

సెప్టెంబరులో బడులు తెరిచారు. దెఫ్నె తరగతికి కొత్త టీచరు వచ్చాడు. హాజరుపట్టీ చదువుతూ చదువుతూ నా దగ్గర ఆగిపోయాడు.

"దెఫ్నె సు... సువారయన్. ఇదేం పేరమ్మా? ఎప్పుడూ వినలేదే. అర్థమేమిటి?"

ఫెరీదె మెడ నిటారుగా పెట్టే చోటు ఇదే. నేనూ సిద్ధంగా ఉన్నాను, దేశంలో మాది ఒక్క కుటుంబమే అన్న మాట కోసం. దెఫ్నె లేచి నిలబడింది.

"నీళ్లు వెతికేవాడని అర్థం సార్. వెతికింది ఫెరీదె అత్త వాళ్ల తాత. దిగి తవ్వింది మా ముత్తాత బెకీర్. మొదట తాగింది కూడా ఆయనే."

పిల్లలందరూ నవ్వారు, ఆ రోజు బావి దగ్గర ఊరు నవ్వినట్టే. ఈసారి నాకు కోపం రాలేదు. టీచరు తల ఊపి పట్టీ కిందికి వెళ్లాడు. చివర్లో యిల్మాజ్‌లు వచ్చారు. వాళ్లెంతమందో నేను లెక్కపెట్టలేదని చెబితే మీరు నమ్మరు. ఇద్దరు.